42 వేల గూడు ఖాళీ, కోళ్లేమో వేపచెట్టు మీద

కోళ్ల పెంపకం గురించి నాకు వచ్చే ఉత్తరాల్లో ఈసారిది వికారాబాద్ వైపు నుంచి వచ్చింది. పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. నాలుగు పేజీలు రాసి, వెనకాల గూటి బొమ్మ పెన్నుతో గీసి కొలతలు కూడా వేసి పంపారు. చాలామంది "కోళ్లు గూట్లోకి రావట్లేదు ఏం చేయాలి" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తారు, ఆ ఒక్క లైన్‌కి నేనేం చెప్పగలను, మీరు అలా చేయనందుకు ముందే థాంక్స్.

సంగతేంటంటే ఈవిడ తొమ్మిదేళ్లు సిటీలో ఉద్యోగం చేసి రెండేళ్ల కింద భర్త సొంతూరికి వచ్చేశారు. ఎకరంన్నర జామతోట ఉంది, నల్లరేగడి నేల. అత్తమ్మ ఎప్పటినుంచో ఇంటి దగ్గర నాలుగైదు నాటుకోళ్లు గంప కింద మూసి పెంచుతుంటే, ఈవిడ వాటిని పెంచి పది చేసి, గ్రామప్రియ అనే రకం పెట్టల్ని ఇంకో ఆరు కొని తెచ్చి, మొత్తం 16 చేశారు. తోటలో వరస వరసకీ గూడు జరుపుకుంటూ పోతే కోళ్లు గడ్డీ పురుగులూ తింటాయి, పెంట చెట్లకి పడుతుంది, ఇదీ ఆలోచన. వీడియోలు చూసి, చిట్టీ ఎత్తిన డబ్బులతో టౌన్లో వెల్డింగ్ షాపులో గూడు చేయించారు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు, ఖర్చు 42 వేలు, బరువు 160 కిలోలని షాపువాళ్లే చెప్పారట.

గూడు మొదట మోటారు షెడ్డు పక్కన పెట్టారు. గ్రామప్రియలు ఎక్కాయి కానీ గుడ్లు పెట్టడానికి పెట్టిన క్రేట్లలో దూరి పడుకున్నాయి, నాటువి అసలు ఎక్కలేదు. అయిదో రోజు భర్త, ఇద్దరు కూలీలు, ఈవిడ కలిసి నెట్టుకుంటూ తోట చివరికి తీసుకెళ్లి పెట్టారు. ఆ సాయంత్రం కోళ్లన్నీ మళ్లీ మోటారు షెడ్డు దగ్గరికే వచ్చి, గూడు లేని చోట నేల మీద కుప్పగా కూర్చున్నాయి, ఈవిడకి చీకట్లో దొరకలేదు, తెల్లారేసరికి ఒక పెట్ట లేదు, ఈకలు మాత్రం ఉన్నాయి. అప్పటినుంచి నాటువి షెడ్డు పక్క వేపచెట్టు ఎక్కేస్తున్నాయి, గ్రామప్రియలు ఇంటి వసారాలో పడుకుంటున్నాయి, గూడు తోట చివర ఖాళీగా ఉంది. భర్త "వీడియోలు చూసి చిట్టీ పైసలు ఇనుముల పోసినవ్" అంటున్నాడు, మళ్లీ నెట్టడానికి రానంటున్నాడు. అత్తమ్మ "గంప కింద మూస్తే అయిపోయేదానికి గింత ఇనుమెందుకు బిడ్డా" అంది. మరిదేమో అది ముంగిస పని, గుడ్డులో మందు పెడతా అంటున్నాడు. "అక్కా, నా డిజైన్ తప్పా, నా కోళ్లు తప్పా? గూడు అమ్మేయనా? నిజం చెప్పాలంటే కోడి పోయినదానికన్నా ఇంట్లో నా మాటకి విలువ పోయిందే అని ఎక్కువ బాధగా ఉంది" అని ముగించారు.

చెల్లీ, ముందు ఆ మందు సంగతి తేల్చేద్దాం. వద్దు. ముంగిస ఎక్కువగా పగటిపూట తిరిగే జంతువు, మీ కోడి పోయింది రాత్రి. రాత్రిపూట అయితే అడవిపిల్లి కావచ్చు, మానుపిల్లి కావచ్చు, వీధికుక్క కూడా కావచ్చు, ఈకలు మిగిల్చి కోడిని ఎత్తుకుపోయిందంటే పాము మాత్రం కాదు, పాము మింగితే అక్కడే మింగుతుంది. ముంగిస అయినా అడవిపిల్లి అయినా మానుపిల్లి అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవే, చంపితే కేసు. పైగా ఆ మందు గుడ్డు మీ కుక్కో పక్కింటి పిల్లో తినదని గ్యారంటీ ఏంటి, మీకు ఆరో తరగతి చదివే పాప ఉందని కూడా రాశారు కదా, ఇంట్లో అలాంటి డబ్బా ఉండకూడదు. ఇంకో మాట, మానుపిల్లి పేరులోనే మాను ఉంది, చెట్టు బాగా ఎక్కుతుంది. కాబట్టి "చెట్టు మీదైతే సేఫ్ కదా" అని మీ ఆయన అంటున్నది కూడా పూర్తిగా నిజం కాదు.

ఇప్పుడు గూడు. మీ బొమ్మని నేను మూడుసార్లు చూశాను, డిజైన్‌లో తప్పులున్నాయి, కానీ కోడి పోయింది డిజైన్ వల్ల కాదు. ఈ రెండూ మీరు ఒకటిగా కలిపేసుకుని బాధపడుతున్నారు, విడదీసి చూడండి.

కోడి పోయింది అయిదో రోజే గూటిని దూరం జరపడం వల్ల. కోడికి "ఇది నా గూడు" అన్న లెక్క ఉండదు, "ఇది నా చోటు" అన్న లెక్కే ఉంటుంది. అత్తమ్మ గంప గుర్తు చేసుకోండి, రోజూ అదే గోడ వారన, అదే మూల బోర్లిస్తారు, ఒకరోజు గంప పక్కకి పెట్టి చూడండి, కోళ్లు గంప దగ్గరికి పోవు, ఖాళీ మూలకి వచ్చి నిలబడి అరుస్తాయి. మీ కోళ్లు చేసింది కూడా అదే, మోటారు షెడ్డు పక్క చోటుకి వచ్చాయి, వాటి లెక్కలో అవి ఇంటికే వచ్చాయి. చీకటి పడ్డాక కోడికి చూపు సరిగా ఆనదు, ఎక్కడ ఉంటే అక్కడే చతికిలబడిపోతుంది. వీడియోలో "రోజూ జరపండి" అని చెప్తారు, అది నిజమే, కానీ అలవాటైన కోళ్ల గురించి చెప్తారు, ఆ ముందు జరిగిన రెండు మూడు వారాలు వీడియోలో ఉండదు. కాబట్టి కోళ్ల తప్పు లేదు, మీది తెలియక జరిగింది, ఒక కోడితో పోయింది.

ఇక గూటి తప్పులు. కోడి గూట్లోకి ఎక్కకపోవడానికి మీ దగ్గర కనీసం మూడు కారణాలున్నాయి, వాటిల్లో పెద్దది మీరు అనుకోనిది.

మీరు గీసిన బొమ్మలో కోళ్లు కూర్చునే అడ్డకర్ర ఒక్కటే ఉంది, అది కూడా కర్ర కాదు, అంగుళం ప్లాస్టిక్ పైపు, గూటి వెడల్పుకి అడ్డంగా, అంటే 4 అడుగులు. కోడికి కూర్చోడానికి కనీసం 8 నుంచి 10 అంగుళాల చోటు కావాలి. తొమ్మిది వేసుకుందాం, 48 అంగుళాల్లో అయిదు కోళ్లు పడతాయి. మీ దగ్గరున్నవి 15. మిగతా పదీ ఎక్కడ కూర్చోవాలి? అదీ నేలకి అడుగు ఎత్తులో పెట్టారు, క్రేట్లు మాత్రం 3 అడుగుల ఎత్తులో షెల్ఫ్ మీద పెట్టారు. కోడి రాత్రికి ఉన్నవాటిల్లో అన్నిటికన్నా ఎత్తు ఎక్కడుందో అక్కడికే పోతుంది, అందుకే గ్రామప్రియలు క్రేట్లలో పడుకున్నాయి, అవి పిచ్చివి కాదు. క్రేట్లలో పడుకుంటే అందులోనే పెంట వేస్తాయి, పొద్దున గుడ్లకి పెంట అంటుతుంది, మీరు "గుడ్లు మురికిగా ఉంటున్నాయి" అని వేరే సమస్యగా రాశారు చూడండి, అదీ ఇదీ ఒకటే.

రెండోది వేడి. మూడు వైపులా రేకు, పైన రేకు, ఎండాకాలం. పగలంతా కాగిన రేకు సాయంత్రం ఆరున్నరకి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది, బయట అప్పటికి చల్లగాలి మొదలవుతుంది. మనకి చెమట పడుతుంది, కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడం, రెక్కలు దూరంగా పెట్టడం తప్ప దానికి ఇంకో దారి లేదు. ఒక పని చేయండి, సరిగ్గా కోళ్లు చెట్టెక్కే టైముకి మీరే ఆ గూట్లో తలా భుజాలూ దూర్చి అయిదు నిమిషాలు ఉండండి. బయటికొచ్చాక వేపచెట్టు వైపు చూస్తే కోళ్లది ఎంత తెలివైన పనో మీకే తెలుస్తుంది. మీ ఆయన్ని కూడా దూర్చమనండి, నవ్వుకోడానికైనా పనికొస్తుంది.

మూడోది తలుపు, అడుగు వెడల్పు ఒకటే తలుపు, దానికి ఇనుప మెట్ల పలక. కోళ్లలో పెత్తనం ఉంటుంది, మీ పాత నాటుపెట్టల్లో ఒకటి తలుపు దగ్గర నిలబడి వచ్చినదాన్ని వచ్చినట్టు పొడిచిందంటే చివర్లో ఉన్నవి పది నిమిషాలు చూసి చెట్టెక్కేస్తాయి. చీకటి పడేముందు లోపల బయటికన్నా నల్లగా ఉంటుంది, వెలుగున్న వైపే ఉండాలని చూస్తాయి గానీ నల్లటి బిలంలోకి దూరమంటే దూరవు. పెయింటు వాసన గురించి అడిగారు, అది వారంలో పోతుంది, నీలం రంగు వల్ల ఏం కాదు, దాని గురించి వదిలేయండి.

నాటువాటికీ గ్రామప్రియలకీ తేడా ఎందుకని కూడా అడిగారు. గ్రామప్రియ రాజేంద్రనగర్ పౌల్ట్రీ పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకానికని, గుడ్ల కోసం తయారు చేసిన రకం. మీరు కొన్నవి బల్బు కింద పెరిగి వచ్చినవే అయ్యుంటాయి, తల్లి వెనకాల తిరిగి చెట్టెక్కడం నేర్చుకున్నవి కావు, ఒళ్లు కూడా కాస్త బరువు, కాబట్టి పెట్టెలాంటిది కనిపిస్తే ఒప్పుకుంటాయి. నాటుది అలా కాదు, తల్లి దగ్గర చూసింది, ఎగరగలదు. అంటే మీ దగ్గర ఉన్నది ఒక మంద కాదు, రెండు మందలు. ఇది గుర్తుపెట్టుకుంటే మీకున్న దారులు కాస్త తేలిగ్గా కనిపిస్తాయి.

దారులు అంటే, నాకు కనిపించేవి చెప్తాను, ఏది అనేది మీ ఇల్లూ మీ ఓపికా చూసుకుని మీరే అనుకోండి.

అన్నిటికన్నా తేలికైంది గూటిని జరపడం అనే మాటే మానేయడం. మోటారు షెడ్డు పక్కకి తెచ్చి శాశ్వతంగా పెట్టేసి, లోపల మార్పులు చేసి, రాత్రికి మాత్రం వాడటం, పగలు కోళ్లు తోటంతా తిరుగుతాయి. ఇందులో ఇంట్లో గొడవ వెంటనే ఆగుతుంది, కోళ్లు రెండు వారాల్లో అలవాటు పడతాయి. నష్టం ఏంటంటే మీరు దేని కోసం మొదలుపెట్టారో అది సగం పోతుంది, కోడి రాత్రిపూట వేసే పెంటంతా ఒకేచోట పడుతుంది. ఒక్కో కోడి రోజు మొత్తానికి వంద గ్రాముల పైనే వేస్తుంది, అందులో సగం రాత్రి అనుకున్నా 15 కోళ్లకి రాత్రికి ముప్పావు కిలో. ఎండాకాలం పర్లేదు, వానాకాలం తడిసి ముక్కు మండే వాసన వస్తుంది, ఆ వాసనే కోళ్ల కళ్లకీ ఊపిరికీ చెరుపు. వరి ఊక వేసి, వారం వారం తీసి తోటకి మోసుకోవాలి. అంటే గూడు నెట్టే పని పోయి తట్ట మోసే పని వస్తుంది. ఆ తట్ట ఎవరు మోస్తారో ముందే అనుకోండి, నా అనుభవంలో అది ఎప్పుడూ ఆడవాళ్ల నెత్తినే పడుతుంది.

ఇంకో దారి ఈ ఇనుప గూటిని అమ్మేసి వెదురుతో తేలిగ్గా ఇంకోటి చేయించుకోవడం. ఇద్దరు ఆడవాళ్లు ఎత్తి జరిపేంత తేలిక. చెప్పడానికి బాగుంటుంది, నేను మొదట చేయించుకుంది అలాంటిదే. మే నెల గాలివానకి ఒక రాత్రి అది తోటలో మూడు పల్టీలు కొట్టి కంచెకి ఆనుకుని ఆగింది, అదృష్టం కొద్దీ అప్పటికి అందులో రెండే కోళ్లున్నాయి, రెండూ బతికాయి కానీ మళ్లీ జన్మలో ఆ గూడు ఎక్కలేదు. తేలిక గూటికి నాలుగు మూలలా గుంజలు పాతి తాడు కట్టాలి, రోజూ జరిపితే రోజూ కట్టాలి. పైగా వెదురు సందుల్లో గోమార్లు పగలంతా దాక్కుని రాత్రి కోడి కాళ్ల మీదికి ఎక్కుతాయి, అప్పుడు కోళ్లు గూడంటేనే పారిపోతాయి, అప్పుడు మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు. ఇనుముకి ఆ సందులు తక్కువ, ఆ మాట మీ ఆయనకి చెప్పండి. ఇంకా పాత ఇనుము రేటుకి అమ్మితే మీకు వచ్చేది చూసి కడుపు మండుతుంది. అయినా మీరు పది కోళ్లకి మించి పెంచను, నెట్టడానికి ఎవర్నీ అడగను అనుకుంటే ఇది కూడా తప్పేం కాదు.

మూడోది, నాటువాటిని చెట్టు మీదే వదిలేసి, గూడు గ్రామప్రియలకి మాత్రమే అని సర్దుకోవడం. చాలా ఊళ్లలో జరిగేది ఇదే, ఎవరూ పైకి చెప్పరు అంతే. నెలకో రెండు నెలలకో ఒకటి పోతుంది, నాటువి గుడ్లు ఎక్కడ పెడుతున్నాయో వెతుక్కోవాలి, వానలో తడుస్తాయి, కానీ మీకు యుద్ధం ఉండదు. పుంజుని మాత్రం చెట్టు మీదే వదిలేస్తే పొద్దున నాలుగింటికి కూత ఊరంతా వింటుంది, అది వేరే సంగతి.

నాలుగోది ఉన్న గూటినే సరిచేయడం. దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నా, ఎందుకంటే మీ ఉత్తరం చదివితే మీకు జరిపే గూడే కావాలని ఉంది, అమ్మడం ఇష్టం లేదు, ఆ ముక్క మీరు రాయకపోయినా కొలతలు వేసి పంపినప్పుడే తెలిసిపోయింది.

రేకు పై సగం మూడు వైపులా కోయించేయండి, కింది సగం ఉండనివ్వండి. కోసినచోట అర అంగుళం వెడల్పు, అంగుళం పొడవు కన్నాలున్న వెల్డ్‌మెష్, అంటే వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప వల వేయించండి. మామూలు కోడి జాలీ వద్దు, అది కోడిని లోపల ఆపుతుంది కానీ కుక్క పళ్లని బయట ఆపదు, కొత్తలో బాగానే ఉంటుంది, ఆరు నెలల్లో తుప్పు పట్టి చేత్తో లాగితే వస్తుంది. పైన రేకు మీద తాటాకో బోదగడ్డో ఒక పొర కట్టేయండి, వాన జల్లు లోపలికి కొట్టకుండా చూరు అడుగు బయటికి వచ్చేలా చూసుకోండి. చలికాలం గాలి వచ్చే వైపు గోనెపట్టా కడితే చాలు, మిగతా వైపులు మూయొద్దు, చలికన్నా ఉక్క ఎక్కువ చెరుపు.

ఆ ప్లాస్టిక్ పైపు తీసి పారేయండి, నున్నగా జారుతుంది, రాత్రంతా కోడి గోళ్లతో పట్టుకుని ఒళ్లు బిగబట్టుకుని కూర్చోవాలి. మీది జామతోట, కొమ్మలు కత్తిరించినప్పుడు రెండంగుళాల లావున్న తిన్నటి కొమ్మలు చూసి తీసిపెట్టుకోండి, అంతకన్నా మంచి అడ్డకర్ర కొన్నా దొరకదు. గూటి పొడవునా రెండు కర్రలు, రెండూ ఒకే ఎత్తులో, 3 అడుగుల దగ్గర. ఒకటి ఎత్తు ఒకటి కింద పెడితే పై కర్ర కోసం రోజూ సాయంత్రం కొట్లాటే. గోడకి అడుగు దూరం వదిలితే మధ్యలో రెండడుగులు వస్తుంది, పెంట ఒకదాని మీద ఒకటి పడదు. ఒక చివర అడుగున్నర వదిలి కర్రలు ఆరున్నర అడుగులే వేసినా రెండూ కలిపి 13 అడుగులు, మీ 15 కోళ్లకి కావాల్సింది పదకొండుంపావు. ఆ వదిలిన చివర క్రేట్లు నేలకి అడుగు ఎత్తులో పెట్టండి, ఆరు అక్కర్లేదు, నాలుగు చాలు, ముందు గోనెగుడ్డ వేలాడదీసి చీకటిగా చేయండి, వరిగడ్డి వేయండి. గుడ్డు పెట్టడానికి చీకటి మూల కావాలి, పడుకోడానికి ఎత్తు కావాలి, ఈ రెండూ మీ గూట్లో తారుమారయ్యాయి. గ్రామప్రియలు బరువు కాబట్టి అడుగున్నర ఎత్తులో ఇంకో చిన్న కర్ర మెట్టులా వేయండి, దూకి దిగేటప్పుడు అరికాళ్లు దెబ్బతినవు.

కింద ప్లైవుడ్ క్రేట్ల కింద మాత్రం ఉంచి మిగతాది తీసేసి అదే మెష్ వేయండి, పెంట చాలావరకు కిందికి రాలుతుంది, అంటుకున్నది చీపురుతో తట్టేయొచ్చు. తలుపు రెండడుగులు చేయించండి. ఇనుప మెట్ల పలక బదులు చెక్క పలక, దాని మీద నాలుగైదు అంగుళాలకో రీపు ముక్క కొట్టండి, వాలు తక్కువ ఉండాలి.

ఇప్పుడు బరువు. రేకులో సగం, ప్లైవుడ్ పోతే ఒక ముప్పై కిలోలు తగ్గుతుంది, మెష్‌కి పది పెరుగుతుంది, 140 అనుకుందాం. మీ నాలుగు చిన్న చక్రాలు సిమెంటు నేల మీద తిరిగేవి, నల్లరేగడిలో ఒక్క వాన పడితే అవి కనిపించవు కూడా. పాత స్కూటర్ చక్రాలో మోపెడ్ చక్రాలో రెండు చాలు, పెద్దవి, గాలి ఉన్నవి. అవి ఎక్కడ పెడతారన్నదే అసలు కిటుకు. గూటికి వెనక చివర్లో పెట్టి, ముందు రెండడుగుల పిడి పెట్టి ఎత్తితే చేతి మీద 56 కిలోల బరువు పడుతుంది. అదే చక్రాల ఇరుసు వెనకనుంచి 3 అడుగులు లోపలికి జరిపితే చేతి మీద 20 కిలోలే. గూడు అదే, బరువు అదే. ఇది నేను కొత్తగా చెప్పేదేం కాదు, ఎడ్లబండికి గడ్డి వేసేటప్పుడు బరువు ఇరుసు మీదికి వచ్చేలా సర్దుతారు, లేకపోతే కాడి ఎద్దుల మెడ నొక్కేస్తుంది, లేదా బండి వెనక్కి తేలిపోతుంది. మీ ఆయనకి ఇది మీకన్నా నాకన్నా బాగా తెలుసు. ముందు వైపు నిలబెట్టడానికి రెండు కాళ్లు మర్చిపోవద్దు.

ఇక్కడ ఒక మాట అంటాను, నచ్చకపోతే వదిలేయండి. మీరు గూడు మొత్తం ఒక్కరే ఆలోచించి, ఒక్కరే డబ్బు పెట్టి, ఒక్కరే షాపుకెళ్లి చేయించారు. అందులో తప్పు లేదు, మీ చిట్టీ మీ ఇష్టం. కానీ నెట్టడానికి మాత్రం ఆయన్ని పిలిచారు. ఆయనకి ఆ గూట్లో ఉన్న వాటా ఒక్క చాకిరీనే. మళ్లీ "వచ్చి నెట్టండి" అని అడిగితే మళ్లీ అదే సమాధానం వస్తుంది. "ఇరుసు ఎక్కడ పెట్టాలో చెప్పండి, చేతి మీద బరువు పడకుండా" అని అడిగి చూడండి. ఆయన దెప్పుతున్నది సరైన పద్ధతని నేను అనట్లేదు, డబ్బు పోయిన కోపం ఆయనకీ ఉంటుంది, నోరు అదుపులో పెట్టుకోవాల్సింది ఆయనే. ఒకవేళ అడిగినా రానంటే, పైన చెప్పిన మొదటి దారి మీకు ఒక్కరికీ నడుస్తుంది, గూటిని ఒక్కసారి కూలీలతో వెనక్కి తెప్పించుకుంటే చాలు, ఆయన మీద ఆధారపడనక్కర్లేదు, అదీ మనసులో పెట్టుకోండి. అత్తమ్మ గంప మాట వెటకారంగా అన్నారని రాశారు, నాకు అలా అనిపించలేదు. గూడు అలవాటు చేసే పనికి మీ ఇంట్లో ఆవిడకి మించి తెలిసినవాళ్లు లేరు.

ఎందుకంటే అలవాటు చేయడం అంటే గంప పద్ధతే. గూడు రెడీ అయ్యాక తోట చివర కాదు, వేపచెట్టు కిందికే తేండి, కోళ్లు ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నాయో ఆ కిందే. సాయంత్రం మేత బయట వేయడం బంద్, నూకలైనా దాణా అయినా గూట్లోనే, చీకటికి అరగంట ముందు, అత్తమ్మ ఎప్పుడూ పిలిచే ఆ "బ్బ బ్బ బ్బా" పిలుపుతోనే. లోపల చిన్న చార్జింగ్ బల్బు ఒకటి పెట్టి, ఎక్కాక తీసేయండి, రాత్రంతా ఉంచొద్దు. మొదటి మూడు నాలుగు రోజులు సగమే ఎక్కుతాయి. మిగతావి చెట్టెక్కాక ఎనిమిదిన్నరకి, టార్చికి ఎర్రగుడ్డ కట్టుకుని, అందినవాటిని నెమ్మదిగా పట్టుకుని గూట్లోకి మార్చండి, చీకట్లో గోల చేయవు. నేల మీద వదలొద్దు, కర్ర మీదే కూర్చోబెట్టండి, పొద్దున లేచేసరికి అది కర్ర మీద ఉండాలి. చేతిలో ఉన్నప్పుడే రెక్కల కింద, తోక మొదట్లో పేలున్నాయేమో చూసుకోండి, అంతకంటే మంచి టైం దొరకదు. మరీ పైకొమ్మ ఎక్కేవి ఉంటే ఒక వైపు రెక్క ఈకలు కత్తిరించే పద్ధతి ఉంది, నొప్పి ఉండదు, కానీ పగలు కుక్క తరిమితే ఎగరలేదు, కాబట్టి కుక్కల బెడద ఉంటే వద్దు.

పొద్దున పది వరకు వదలకుండా ఉంచితే గుడ్లు కూడా క్రేట్లలోనే పెడతాయి. లోపల నీళ్లు ఉండాలి, ఎండ తగలకుండా ఉండాలి, ఎండ ముదరకముందే వదిలేయాలి. ఇలా పది రోజులు, పిలవకుండానే అన్నీ ఎక్కుతున్నాయనిపించేదాకా గూటిని అంగుళం కూడా కదపొద్దు. తర్వాత రోజుకి గూడంత దూరమే, 8 అడుగులు. పొద్దున తలుపు తీయకముందే జరపండి, కోళ్లు లోపల ఉంటే ఇంకో పాతిక కిలోలు బరువు పెరుగుతుంది కానీ కొత్త చోట్లోనే దిగుతాయి, అక్కడినుంచే తిరగడం మొదలుపెడతాయి. ఒకే వరసలో పోండి, వరస దాటించొద్దు, మోటారు షెడ్డు వైపు నిలబడి చూస్తే గూడు కనిపించాలి. ఒకట్రెండు కోళ్లు పాత చోటికి పోతే చేత్తో తెచ్చి ఎక్కించండి, వారం పడుతుంది. వానలు గట్టిగా పడే నెలల్లో నల్లరేగడిలో జరిపే పని పెట్టుకోకండి, గట్టు మీద ఒకచోట నిలిపేసి కింద ఊక వేసుకోండి, చక్రం దిగబడి మళ్లీ నలుగురు మనుషులు కావాల్సొస్తే మళ్లీ మొదటికే వస్తారు.

రేకు కోయడం, మెష్, చక్రాలు అన్నీ కలిపి ఎంతవుతుందో వెల్డింగ్ షాపులో ముందు అడగండి. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే కర్రలూ క్రేట్లూ తాటాకూ మాత్రం మార్చండి, ఇవి దాదాపు ఉచితం, మీరూ అత్తమ్మా ఒక పూటలో చేసేస్తారు. తలుపు పక్కన రేకు ఒక్కటి విప్పేసి ఆ వెల్డ్‌మెష్ బిగిస్తే వేడి కాస్త తగ్గుతుంది. చక్రాలు పంట డబ్బులు వచ్చాక చూసుకోవచ్చు, అప్పటిదాకా అది జరపని గూడు అనుకోండి.

మొదలుపెట్టే ముందు మాత్రం రెండు సాయంత్రాలు ఏమీ చేయకుండా అత్తమ్మతో కలిసి వేపచెట్టు ఎదురుగా మంచం వేసుకుని ఆరింటినుంచి కూర్చోండి. ఏ పెట్ట ముందు ఎక్కుతుందో, దాని వెనక ఏవి పోతున్నాయో చూడండి. అత్తమ్మకి ఇప్పటికే తెలిసుంటుంది, అయినా అడగండి. ఆ ముందు ఎక్కేదాన్ని మొదటి రాత్రే పట్టుకుని, తలుపుకి దూరంగా, లోపలి చివర కర్ర మీద కూర్చోబెట్టండి. తలుపు దగ్గర కూర్చోబెడితే మిగతావాటిని రానివ్వదు.